దాల్చిన చెక్క: ఏ చెక్కో గుర్తుపట్టి, ఎంత వాడాలో తేల్చుకోవడం ఎలా?

"పొద్దున్నే పరగడుపున దాల్చిన చెక్క నీళ్లు తాగుతున్నాను. రోజూ ఒక స్పూను పొడి వేస్తున్నాను. ఇంకా పెంచొచ్చా?" కర్నూలు వాళ్లు అడిగినా, కడప వాళ్లు అడిగినా, అనంతపురం వాళ్లు అడిగినా ప్రశ్న ఇదే. అడిగేవాళ్లలో ఎక్కువమంది షుగర్ ఉన్నవాళ్లు, మిగతావాళ్లు బరువు తగ్గాలనుకునేవాళ్లు. దీనికి జవాబు చెప్పాలంటే ముందు మీ డబ్బాలో ఉన్నది ఏ చెక్కో తెలియాలి. అది తెలియకుండా ఎవరు ఎన్ని స్పూన్లు చెప్పినా నమ్మకండి.

మన ఊళ్లలో కిరాణా అంగడికి వెళ్లి "చెక్క, లవంగం ఇవ్వు" అంటే పొట్లం కట్టి ఇచ్చేది దాదాపు ఎప్పుడూ కాసియా రకమే. కొందరు దాన్నే లవంగపట్ట అంటారు. చైనా, వియత్నాం, ఇండోనేషియా దేశాల నుంచి వచ్చే మందపాటి చెక్క అది. పలావుకు, కుష్కాకు, నాటుకోడి పులుసుకు అదే సరైనది. రోజూ కొలిచి తాగడానికి మాత్రం అది తగదు. అందులో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ. నెలల తరబడి మోతాదు మించితే కొందరికి కాలేయం మీద దెబ్బ పడుతుంది. శ్రీలంక నుంచి వచ్చే పలుచటి సిలోన్ చెక్కలో కూమరిన్ లేశమాత్రంగా ఉంటుంది. తెలుసుకోవాల్సిన సిద్ధాంతం ఇంతే. ఇక పనిలోకి వెళ్దాం.

కావలసినవి

- చెక్క 50 గ్రాములు. పొడి కాదు, చెక్కే కొనండి. కారణం రెండో మెట్టులో ఉంది.
- గ్రాములో పదో వంతు దాకా చూపించే చిన్న ఎలక్ట్రానిక్ కాటా. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో వాడేంత ఖరీదైనది అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేది చాలు. అది లేకపోతే కొలత స్పూన్ల సెట్టు.
- మెడికల్ షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ లేదా పోవిడోన్ అయోడిన్ ద్రావణం, చిన్న సీసా. పొడిని పరీక్షించేవాళ్లకే ఇది అవసరం.
- చిన్న రోలు, మిక్సీ చిన్న జార్, సన్న జల్లెడ, పల్చటి నూలు గుడ్డ.
- బిగుతు మూత ఉన్న గాజు సీసాలు రెండు. ఒకటి వంట చెక్కకు, ఒకటి తాగే చెక్కకు. రెండింటి మీదా పేరు, కొన్న నెల రాసి అంటించండి.

1. చెక్క కొస చూసి రకం తేల్చుకోండి

ముక్కను అడ్డంగా పట్టుకుని కొస వైపు నుంచి చూడండి. కాసియా అయితే ఒకటే పొర, 2, 3 మిల్లీమీటర్ల మందం. గట్టిగా ఉంటుంది, వేళ్లతో విరవబోతే నొప్పి పుడుతుంది. రంగు ముదురు ఎరుపు కలిసిన గోధుమ రంగు. పై బెరడు తీయని సరుకైతే వెలుపల బూడిద రంగు మచ్చలు, గరుకు కనిపిస్తాయి. సిలోన్ చెక్కలో కాగితమంత పలుచటి పొరలు ఒకదానిలో ఒకటి ఇమిడి, అచ్చం పొగాకు చుట్ట కోసి చూసినట్టు ఉంటాయి. రంగు లేతగా ఉంటుంది. రెండు వేళ్ల మధ్య నొక్కితే పొడిపొడిగా రాలిపోతుంది.

అంత పలుచగా ఎందుకుంటుందో తెలిస్తే మోసపోయే అవకాశం తగ్గుతుంది. శ్రీలంకలో ఈ చెట్టును పెద్దగా పెరగనివ్వరు. మొదలు దగ్గర కోసి, మళ్లీ వచ్చే రెమ్మలను రెండేళ్ల వయసులో నరుకుతారు. పైనున్న గరుకు బెరడును గీకి పారేస్తారు. ఇత్తడి కడ్డీతో రుద్ది, లోపలి సన్న పొరను మాత్రం చాకుతో ఒడుపుగా ఊడదీస్తారు. ఆ పొరలను ఒకదానిలో ఒకటి పెట్టి, నీడలో ఆరబెడతారు. ఆరేకొద్దీ అవి ముడుచుకుని బిగుసుకుంటాయి. ఇదంతా చేతి పనే, అందుకే ధర ఎక్కువ. కాసియా రేటుకో, అంతకు కాస్త ఎక్కువకో "అసలు సిలోన్" అని ఎవరైనా ఇస్తుంటే అనుమానించండి.

ఎక్కువమంది పొరబడేది ఇండోనేషియా చెక్క దగ్గర. అది కూడా కాసియా జాతిదే. కానీ నున్నగా, చక్కగా, రెండంచులూ లోపలికి చుట్టుకుని, ఒకే పొడవుకు కోసి అందంగా ఉంటుంది. సూపర్ మార్కెట్ ప్యాకెట్లలో కనిపించేది చాలాసార్లు ఇదే. చుట్టుకుని ఉంది కదా అని సిలోన్ అనుకోకండి. కొసలో పొరలు లెక్కపెట్టండి. ఒకటే గట్టి పొర రెండు వైపుల నుంచి ముడుచుకుంటే అది కాసియా. లోపల ఎన్నో పలుచటి పొరలుంటేనే సిలోన్.

ఇంకా తేలకపోతే చిన్న పలుకు నమలండి. కాసియా నాలుక కొసను చురుక్కుమనిపిస్తుంది, కాస్త వగరుగా ఉంటుంది, నమిలేకొద్దీ జిగురు తేలుతుంది. సిలోన్ మెత్తగా, తియ్యగా ఉంటుంది, ఘాటు తక్కువ. ఘాటు ఎక్కువుంటే మంచి సరుకని మనవాళ్ల లెక్క. వంటకు ఆ లెక్క సరైనదే, ఘాటుగా ఉంది కాబట్టి సిలోన్ అనుకుంటే మాత్రం పొరపాటే.

ప్యాకెట్ మీద శాస్త్రీయ నామం చూడండి. సిన్నమోమమ్ వీరమ్ అని గానీ, సిన్నమోమమ్ జైలానికమ్ అని గానీ ఉంటే సిలోన్. కాసియా, బర్మానియై, లౌరిరాయ్ అని ఉంటే రెండో రకం. మన దేశ ఆహార ప్రమాణాల్లో కూడా కాసియాకు "తజ్" అని, అసలు చెక్కకు "దాల్చినీ" అని వేర్వేరు నిర్వచనాలున్నాయి. సిలోన్‌లో ఆల్బా, సి5, సి4, ఎం, హెచ్ అని గ్రేడ్లుంటాయి. ఆల్బా పెన్సిలంత సన్నం, అన్నిటికన్నా ఖరీదు. పొడి కొట్టుకుని తాగడానికి ఆల్బా దండగ. సి4 గానీ, విరిగిన ముక్కలు గానీ తీసుకోండి.

ఏ రకమైనా సరే, విరిచిన చోట వెంటనే వాసన రావాలి. రాకపోతే వేడినీళ్లలో 5 నిమిషాలు వేసి చూడండి. అప్పటికీ రాకపోతే అది నూనె తీసేసిన చెక్కో, ఏళ్ల నాటిదో అయి ఉంటుంది. వెనక్కి ఇచ్చేయండి.

2. పొడే ఉంటే అయోడిన్‌తో చూడండి

పొడిలో కొస చూసే వీలు లేదు కాబట్టి ఈ పరీక్ష. పాత గాజు గ్లాసు వాడండి, మరక పడితే పోదు.

అర టీ స్పూను పొడి మీద అర గ్లాసు మరిగిన నీళ్లు పోసి కలిపి, 10 నిమిషాలు వదిలేయండి. పూర్తిగా చల్లారాక గుడ్డలో వడకట్టండి. ఆ నీళ్లలో 4, 5 చుక్కల అయోడిన్ వేయండి. కాసియాలో పిండి పదార్థం ఎక్కువ, నీళ్లు ముదురు నీలంగా మారతాయి. మంచి సిలోన్ అయితే రంగు పెద్దగా మారదు, అయోడిన్ గోధుమ రంగే మిగులుతుంది.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, నీళ్లు వేడిగా ఉండగానే అయోడిన్ వేయడం. వేడిలో నీలం రంగు నిలవదు, కాసియా కూడా సిలోన్ లాగా తేలుతుంది. రెండోది, అయోడిన్ సీసా పాతబడి పని చేయకపోవడం. అందుకే ముందు చల్లారిన గంజిలో ఒక చుక్క వేసి చూసుకోండి. గంజి నీలం కాకపోతే సీసా పారేయండి. నీలం వచ్చినంత మాత్రాన కాసియానే అని కూడా కాదు. సిలోన్ పొడిలో బియ్యప్పిండి కలిపినా అదే రంగు వస్తుంది. ఎలా వచ్చినా రోజూ తాగడానికి ఆ పొడి వద్దు. పరీక్ష చేసిన నీళ్లు పారబోయండి, ఎవరూ తాగకూడదు.

కలిపిన రంగులను ఈ పరీక్ష పట్టలేదు. 2023లో అమెరికాలో చెక్క పొడి కలిపిన ఆపిల్ గుజ్జు తిన్న పిల్లల రక్తంలో సీసం బయటపడింది. ఆ పొడిలో సీసంతో పాటు క్రోమియం కూడా దొరికింది. రంగు కోసం, తూకం కోసం పొడిలో ఏమైనా కలపొచ్చు. చెక్కలో అంత తేలిగ్గా కలపలేరు. చెక్కే కొనమని మొదట్లోనే చెప్పింది ఇందుకు.

3. శుభ్రం చేసి, నీడలోనే ఆరబెట్టండి

చెక్కను కడగకండి. పొడి గుడ్డతో తుడిచి, చుట్టుకుని ఉన్న లోపలి భాగాన్ని దీపం వెలుతురులో చూడండి. తెల్లటి బూజు, సాలెగూడు, పురుగు రంధ్రం ఉన్న ముక్కలను పక్కన పారేయండి. బూజును గీకేసి వాడొద్దు. కాసియా మీద బూడిద రంగు బెరడు ఉంటే చాకుతో గీకేయండి, అందులో రుచి లేదు, మట్టి ఉంటుంది.

మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మిరపకాయలు, పసుపు, వడియాలు అన్నీ మిద్దె మీదకే ఎక్కుతాయి. వాటితో పాటు చెక్కను కూడా ఎండబెట్టే అలవాటు మానుకోండి. చెక్క వాసనంతా అందులో ఉన్న నూనెదే, 42 డిగ్రీల ఎండలో గంటల తరబడి పెడితే అదే ముందు ఎగిరిపోతుంది. చెమ్మ తగిలిందనిపిస్తే ఫ్యాను కింద పళ్లెంలో ఒక రాత్రి వదిలేయండి. కర్నూలు, కడప పొడి గాలికి అది చాలు.

4. పొడి కొట్టుకోండి

తాగే పొడికి వేయించకూడదు. మసాలాకైతే సన్న మంట మీద ఒకటి రెండు నిమిషాలు, వాసన రాగానే దించేయండి. రంగు మారేదాకా ఆగితే చేదు పడుతుంది.

కాసియాను అలాగే మిక్సీలో వేస్తే బ్లేడు మొద్దుబారుతుంది. ముందు రోట్లో బియ్యపు గింజంత పలుకులయ్యేదాకా దంచండి. సిలోన్‌ను చేత్తోనే నలిపేయొచ్చు. మిక్సీని 10 సెకన్లు తిప్పి, అర నిమిషం ఆపి, మళ్లీ తిప్పండి. ఆపకుండా తిప్పితే జార్ వేడెక్కి, మూత తీయగానే గుప్పున వాసన వస్తుంది. ఆ వాసన బాగుందని సంతోషపడకండి, సీసాలో ఉండాల్సింది గాలిలో కలిసిపోతోంది. మూత తీసేముందు రెండు నిమిషాలు ఆగండి, లేకపోతే ముక్కులోకి, కళ్లలోకి ఎగురుతుంది.

జల్లించి, మిగిలిన రవ్వను మళ్లీ కొట్టండి. పొడి చల్లారాకే సీసాలో పోయండి. గోరువెచ్చగా ఉండగా మూత పెడితే లోపల చెమ్మ పట్టి ఉండ కడుతుంది.

ఒకేసారి 50 గ్రాములూ కొట్టకండి. ఒకసారికి 20 గ్రాములు చాలు. పొడి రెండు మూడు నెలలకే వాసన కోల్పోతుంది. చెక్కగా ఉంచితే రెండేళ్లయినా బాగుంటుంది. సీసాను పొయ్యి పక్కన గూట్లో పెట్టొద్దు. ఉడుకుతున్న గిన్నె మీద సీసా వంచి పొడి చల్లే అలవాటు ఉంటే మానండి, ఆవిరి లోపలికి వెళ్లి పొడి గడ్డ కట్టి బూజు పడుతుంది. పొడి స్పూనుతో తీసి వేయండి.

5. వంటలో ఎంత, ఎప్పుడు

వంటకు కాసియా వాడండి. దమ్ మీద అరగంట ఉడికినా దాని ఘాటు నిలుస్తుంది. సిలోన్ ముక్క కుష్కాలో వేస్తే విడిపోయి మెతుకుల్లో కలిసి పంటి కింద పడుతుంది, వాసన కూడా తేలిపోతుంది. డబ్బు దండగ.

- కుష్కా, పలావు: కిలో బియ్యానికి 5, 6 గ్రాముల చెక్క. లవంగాలు 8, యాలకులు 6, బిర్యానీ ఆకులు 3.
- నాటుకోడి పులుసు: కిలో కోడికి చెక్క 3 గ్రాములు, లవంగాలు 5, యాలకులు 3, ధనియాలు 3 పెద్ద స్పూన్లు, గసగసాలు ఒక స్పూను, ఎండుకొబ్బరి చిన్న ముక్క. వేయించి నూరి, కోడి ముప్పావు వంతు ఉడికాక వేయండి. సంగటిలోకి పులుసు చిక్కగా ఉండాలంటే కొబ్బరి పెంచండి, చెక్కను పెంచకండి.
- రాగి జావ, పాలు: గ్లాసుకు చిటికెడు. దించాక కలపండి.

వేలెడంత ముక్క అని కొలవడం కుదరదు. పలుచటి ముక్క 2 గ్రాములే ఉండొచ్చు, మందపాటిది 5 గ్రాములు తూగొచ్చు. కూర ఒకసారి బాగా కుదిరి, ఇంకోసారి చేదెక్కిందంటే కారణం చాలావరకు ఇదే. ఒక్కసారి కాటా మీద పెట్టి చూస్తే మీ అంగడి చెక్క ఎంత ముక్కకు ఎంత తూగుతుందో కంటికి తెలిసిపోతుంది.

నూనె పొగలు కక్కుతుండగా చెక్క వేయకండి. ఒక ముక్క వేస్తే చుట్టూ సన్నటి బుడగలు రావాలి, అది సరైన వేడి. 15, 20 సెకన్లలో వాసన వస్తుంది, వెంటనే ఉల్లిపాయలు వేయండి. నల్లబడిన చెక్కను తీసి పారేసి కొత్తది వేయండి. చేదు పులుసంతా పట్టాక తీయలేరు.

కూమరిన్ భయంతో బిర్యానీ మానాల్సిన పనిలేదు. కిలో బియ్యంలో 6 గ్రాముల చెక్క వేస్తే, 10 మంది తింటే, మనిషికి 0.6 గ్రాములు. అందులోనూ చెక్కను తినం, పక్కన పెడతాం. వారానికి ఒకసారి దాని వల్ల ఏమీ కాదు.

6. రోజూ తాగాలంటే మోతాదు లెక్క

ఐరోపా ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు ఇది: రోజూ జీవితాంతం తీసుకున్నా ఇబ్బంది లేని కూమరిన్ మోతాదు కిలో శరీర బరువుకు 0.1 మిల్లీగ్రాము. కాసియా పొడిలో గ్రాముకు సుమారు 3 మిల్లీగ్రాముల కూమరిన్ ఉంటుందని జర్మనీ ప్రభుత్వ సంస్థ బీఎఫ్‌ఆర్ లెక్క. దాని ప్రకారం:

- 60 కిలోల మనిషికి రోజుకు 6 మిల్లీగ్రాములు, అంటే కాసియా 2 గ్రాములు.
- 45 కిలోల మనిషికి 1.5 గ్రాములు.
- 15 కిలోల పిల్లలకు 0.5 గ్రాము. ఇది హద్దు మాత్రమే, పిల్లలకు రోజూ ఇవ్వమని కాదు.

స్పూను నిండా పొడి తీసుకుని చాకు వీపుతో పైన చదును చేస్తే టీ స్పూను 2.5 గ్రాములు. అంటే "రోజూ ఒక స్పూను" తాగుతున్నవాళ్లు కాసియానే వాడుతుంటే 60 కిలోల బరువున్నా హద్దు దాటేసినట్టే. గోపురంలా తీసుకుంటే 4 గ్రాములు కూడా పట్టొచ్చు. పైగా 3 మిల్లీగ్రాములన్నది సగటే, కొన్ని చెక్కల్లో దానికి రెట్టింపు కూడా ఉంటుంది. కాబట్టి కాసియా తప్ప వేరేది దొరకని వాళ్లు రోజుకు పావు టీ స్పూను, అంటే 0.6 గ్రాము దగ్గర ఆగండి. నెలల తరబడి తాగాలనుకుంటే సిలోన్ తెప్పించుకోండి. సిలోన్ అయినా రోజుకు అర టీ స్పూను చాలు, ఎక్కువ తాగితే ఎక్కువ మేలు అనే లెక్క దీనికి వర్తించదు.

మన వైద్యం కూడా దీన్ని పిడికిళ్లతో వాడలేదు. దగ్గుకు ఇచ్చే సితోపలాది చూర్ణంలో పటికబెల్లం 16 పాళ్లు, వంశలోచనం 8, పిప్పళ్లు 4, యాలకులు 2, చెక్క 1 పాలు. మొత్తం 31 పాళ్లలో ఒక్కటే చెక్క. ఆ చూర్ణం 3 గ్రాములు తీసుకుంటే అందులో చెక్క పదో వంతు గ్రామే. "మన పెద్దలు వాడారు కదా" అని రెండు స్పూన్లు కలుపుకునేవాళ్లు ఈ పాళ్లు చూడాలి.

7. నీళ్లు కాచే పద్ధతి

1.5 గ్రాముల సిలోన్ ముక్కను నలిపి, 250 మిల్లీలీటర్ల నీళ్లలో వేయండి. మరుగు వచ్చాక మంట తగ్గించి, మూత పెట్టి 5 నిమిషాలు. దించి మూత తీయకుండా ఇంకో 10 నిమిషాలు వదిలి, వడకట్టండి. మూత లేకుండా మరిగిస్తే వాసనంతా వంటింట్లోకి, వగరు మాత్రం గ్లాసులోకి వస్తుంది.

పొడి వాడితే మరిగించకండి. గ్లాసు వేడినీళ్లలో కలిపి 10 నిమిషాలు ఉంచి గుడ్డలో వడకట్టండి. చెక్క పొడి నీళ్లలో కరగదు. అడుగున జిగటగా పేరుకుంటుంది, గొంతుకు అడ్డం పడుతుంది. మండే వేసవిలో వేడినీళ్లు సహించకపోతే, నలిపిన ముక్కను రాత్రి కుండ నీళ్లలో నానబెట్టి పొద్దున్న వడకట్టుకోవచ్చు. రుచి తేలిగ్గా ఉంటుంది.

సరిగ్గా కుదిరితే నీళ్లు లేత ఎరుపు గోధుమ రంగులో పలుచగా ఉంటాయి, చక్కెర లేకున్నా కొంచెం తియ్యగా తగులుతాయి. తీగలు సాగితే పొడి ఎక్కువైంది, లేదా అది కాసియా. చేదుగా ఉంటే మరీ మరిగించారు.

"వడకట్టేస్తున్నాం కదా, కూమరిన్ పోతుంది" అనుకోకండి. అది వేడినీళ్లలోకి కొంత దిగుతుంది. కాసియా నీళ్లకు కూడా పై హద్దునే పాటించండి. ఇంకొకటి, షుగర్ కోసం తాగుతూ అందులో రెండు స్పూన్ల తేనె కలిపేవాళ్లు చాలామంది ఉన్నారు. తేనె కూడా చక్కెరే. తాగిన ప్రయోజనం అక్కడే పోతుంది.

పొడిని నీళ్లు లేకుండా నోట్లో వేసుకోవద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. పిల్లలు పందెం వేసుకుని ఇలా చేస్తుంటారు, గట్టిగా చెప్పండి. దాల్చిన నూనెను తాగడం, పంటి నొప్పికి నేరుగా చిగురు మీద పెట్టడం రెండూ తప్పే, బొబ్బలెక్కుతుంది.

8. పని చేస్తోందో లేదో కొలవండి

2003లో పాకిస్తాన్‌లో 60 మంది షుగర్ రోగులతో ఒక అధ్యయనం జరిగింది. రోజుకు 1, 3, 6 గ్రాముల కాసియాను 40 రోజులు ఇస్తే పరగడుపు షుగర్, కొవ్వులు తగ్గాయని తేలింది. ఈ చెక్క పేరు మారుమోగడానికి అదే మూలం. తర్వాతి పరీక్షల్లో కొన్నిట్లో తగ్గింది, కొన్నిట్లో తగ్గలేదు. 2012లో కాక్రేన్ సంస్థ 577 మందితో జరిగిన 10 పరీక్షలను ఒకచోట పెట్టి చూసి, షుగర్‌కు దీన్ని వాడమని చెప్పేంత ఆధారం లేదని తేల్చింది. కొందరికి కొంచెం సాయపడొచ్చు, మాత్రకు బదులు కాదు. మాత్రలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకండి.

చూడాలనుకుంటే ఇలా చూడండి. మొదలుపెట్టేముందు పరగడుపు షుగర్, తిన్న రెండు గంటల తర్వాతి షుగర్, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రాసి పెట్టుకోండి. వాటితో పాటు కాలేయ పరీక్ష ఎల్‌ఎఫ్‌టీ కూడా. మూడు నెలల తర్వాత అదే ల్యాబులో మళ్లీ చేయించండి. ఈ లోపు అన్నం మానేసి జొన్న రొట్టెకు మారడం, సాయంత్రం నడక మొదలుపెట్టడం కూడా చేస్తే, తగ్గింది దేని వల్లో మీకు తెలియదు. నిజానికి రొట్టె, నడక వల్లే ఎక్కువ తగ్గి ఉంటుంది. వాటిని వదలకండి. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ కదలకపోతే చెక్క నీళ్లు ఆపేయండి, ఆ డబ్బుతో గ్లూకోమీటర్ స్ట్రిప్పులు కొనుక్కోండి.

గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, కళ్లు తిరగడం ఉంటే వెంటనే షుగర్ చూసుకోండి, తక్కువుంటే గ్లూకోజ్ తాగండి.

వీళ్లు రోజువారీ మోతాదు జోలికి వెళ్లొద్దు

కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు, వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటి రక్తం పలుచబరిచే మందులు వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, త్వరలో ఆపరేషన్ ఉన్నవాళ్లు, చిన్న పిల్లలు. కూరలో, పలావులో వేసినంత వీళ్లందరూ తినొచ్చు. అంతకు మించి వద్దు.

తాగుతుండగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఆకలి చచ్చిపోయినా అదే రోజు ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లండి, చెక్క వాడుతున్న సంగతి దాచకుండా చెప్పండి. నోట్లో పుండ్లు, పెదవి మంట, కడుపులో మంట వస్తే కూడా ఆపండి. "వేడి చేసింది" అని మజ్జిగ తాగి మళ్లీ కొనసాగించేవాళ్లున్నారు. చెక్కలోని సిన్నమాల్డిహైడ్ కొందరి నోటికి పడదు, మజ్జిగతో అది మారదు.

మళ్లీ మళ్లీ అడిగేవి రెండు

బిర్యానీ ఆకు నీళ్లు తాగితే ఇదే ఫలమా? కాదు. మన దేశంలో దొరికే బిర్యానీ ఆకు దాల్చిన జాతి చెట్టుదే, ఆకు మీద నిలువుగా మూడు ఈనెలు కనిపిస్తాయి. కానీ చెట్టు వేరు, ఆకులో ఉండే నూనె వేరు. చెక్క మోతాదులు దానికి వర్తించవు.

అనంతపురంలో దాల్చిన మొక్క పెంచుకోవచ్చా? కుండీలో, నీడలో, రోజూ నీళ్లు పోస్తే మొక్క బతుకుతుంది, ఆకు వాసన కూడా వస్తుంది. చెక్క తీయాలని మాత్రం పెట్టుకోకండి. ఈ చెట్టుకు శ్రీలంక, కేరళల్లోని వానలు, గాలిలో తేమ కావాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే మన వానకు, మే నెల వడగాలికి అది ఏపుగా పెరగదు. నర్సరీలో కొనేముందు ఒక ఆకు నలిపి చూడండి. చెక్క, లవంగం కలిసిన వాసన రాకపోతే అది వేరే మొక్క.